తాడు కింది నగరం

2023 మార్చి 24న ప్రధాని నరేంద్ర మోదీ వారణాసిలో ఒక రోప్‌వేకు శంకుస్థాపన చేశారు. కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ నుంచి గొదౌలియా కూడలి దాకా సుమారు 3.75 కిలోమీటర్ల మార్గం, ఐదు స్టేషన్లు, దాదాపు 645 కోట్ల రూపాయల అంచనా. కొండ మీది గుడికో, మంచు వాలుకో కాక, ఒక నగరంలోని నిత్య ప్రయాణికుల కోసం భారతదేశంలో తలపెట్టిన మొదటి రోప్‌వే ఇదే. స్విట్జర్లాండ్‌కు చెందిన బార్తోలె సంస్థ సాంకేతికతతో, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే విశ్వసముద్ర ఇంజినీరింగ్ దాని నిర్మాణ బాధ్యత తీసుకుంది. రద్దీ వీధుల్లో ముప్పావుగంట పట్టే ప్రయాణం పదహారు నిమిషాలకు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో అతిశయం లేదు. గొదౌలియా వైపు ఒక్కసారి నడిచినవారికి అక్కడ నేల మీద మరో మార్గానికి చోటు లేదని తెలుసు.

అయితే ఆ తాడు కింద ఉండేది లోయ కాదు, అడవి కాదు. దుకాణాలు, గోదాములు, ఇళ్లు, విద్యుత్ తీగలు, వంటగ్యాస్ సిలిండర్లు, వాహనాలు నిలిపే స్థలాలు. 2024 నవంబర్ 30 తెల్లవారకముందే అదే కంటోన్మెంట్ స్టేషన్‌లోని వాహనాల పార్కింగ్ స్థలంలో మంటలు చెలరేగి సుమారు 200 ద్విచక్ర వాహనాలు కాలిపోయాయి. ప్రాణనష్టం లేదు. ఆ ఘటనకు రోప్‌వేతో సంబంధమూ లేదు. అయినా ఆ మంటను రోప్‌వే దృష్టితో చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. రోప్‌వే భద్రత అనగానే మన దేశంలో తాడు తెగడం గురించి మాట్లాడతారు, గాలి గురించి మాట్లాడతారు, బ్రేకుల గురించి మాట్లాడతారు. నిప్పు గురించి ఎవరు మాట్లాడుతున్నారు? నగరంలో రోప్‌వేకు నిప్పు ముప్పు ఎక్కువగా వచ్చేది కేబిన్ లోపలి నుంచి కాదు, కింది వీధి నుంచి. ఆ వీధి మీద రోప్‌వే నడిపేవారికి అధికారం లేదు. ఈ లోటు నిన్నటిది కాదు, వందేళ్ల నాటిది.

కొండల కోసం రాసిన చట్టాలు

దక్షిణాసియాలో రోప్‌వే మొదట మనిషి కోసం రాలేదు, సరుకు కోసం వచ్చింది. బ్రిటిష్ పాలనలో సంయుక్త రాష్ట్రాలు 1922లో, బెంగాల్ 1923లో రోప్‌వేల కోసం ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. టీ, కలప, బొగ్గు, ఖనిజం కొండ దిగిరావడానికి చౌకైన దారి కావాలన్నది ఆనాటి అవసరం. అనుమతి ఎవరివ్వాలి, స్తంభం ఎవరి భూమిలో పాతవచ్చు, నష్టపరిహారం ఎలా కట్టాలి, తనిఖీ అధికారి ఎవరు, ప్రమాదం జరిగితే ఎవరికి తెలపాలి అన్నవి ఆ చట్టాల ఆలోచనా పరిధి. ట్రామ్‌వేల చట్టాలు ఏ అచ్చులో పోసినవో ఇవీ ఆ అచ్చులో పోసినవే. తాడు కింద జనావాసం ఉండవచ్చునన్న ఊహ ఆనాటివారికి కలగకపోవడంలో వింత లేదు.

నేపాల్ కథ కూడా ఇంతే. చంద్ర షంషేర్ రాణా పాలనలో మొదలై 1927 నాటికి పూర్తయిన సరుకుల రోప్‌వే కొండలు దాటించి కాఠ్మాండూ లోయకు సామాను చేర్చింది. నేల మీద మోటారు దారి లేని రాజధానికి ఆకాశంలో దారి దొరికింది. తర్వాత 1964లో అమెరికా సహాయంతో హెటౌడా నుంచి కాఠ్మాండూ దాకా 42 కిలోమీటర్ల మార్గం వచ్చింది. లారీల రోడ్డు బలపడ్డాక ఆ తాడు మూలబడింది.

ఝరియా బొగ్గు క్షేత్రంలో జరిగింది ఇంకా విచిత్రం. అక్కడ భూగర్భంలో నిప్పు వందేళ్లకు పైగా కాలుతూనే ఉంది. బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతో నింపితే నేల కుంగదు, నిప్పు పాకదు. ఆ ఇసుక నింపుడు కోసం 1939లోనే ఒక కేంద్ర చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం దామోదర్ నది ఇసుకను గనుల దగ్గరకు మోసుకెళ్లడానికి బొగ్గు బోర్డు రోప్‌వేలు వేయించింది. అంటే ఈ దేశంలో రోప్‌వేకూ నిప్పుకూ ఉన్న తొలి సంబంధం ముప్పుగా కాదు, మందుగా. రోప్‌వే నిప్పును ఆర్పే సాధనంగానే ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది.

మనుషులను మోసే రోప్‌వేలు స్వాతంత్ర్యం తర్వాతే పెరిగాయి. డార్జిలింగ్ 1968లో, హరిద్వార్ మన్సాదేవి 1981లో, గుల్‌మార్గ్ 1998లో మొదలయ్యాయి. తెలుగు నేల మీద విశాఖ కైలాసగిరి, శ్రీశైలం పాతాళగంగ రోప్‌వేలు ఆ వరుసలో చేరాయి. హిమాచల్ ప్రదేశ్ 1968లో, ఉత్తరాఖండ్ 2014లో తమ చట్టాలు తాము చేసుకున్నాయి. యాత్రికుడు, పర్యాటకుడు ఈ చట్టాల్లోకి వచ్చారు. నగరవాసి ఇంకా రాలేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్రం కార్యకలాపాల కేటాయింపు నియమాలను సవరించి రోప్‌వేల అభివృద్ధిని రోడ్డు రవాణా శాఖకు అప్పగించింది. 2022 ఫిబ్రవరి బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ పర్వతమాల పథకాన్ని ప్రకటించారు. పేరులో పర్వతం ఉన్నా, రద్దీ నగరాల్లో ఇతర రవాణాకు చోటు లేని ప్రాంతాలకూ ఇది పనికివస్తుందని అప్పుడే చెప్పారు. ఒక్క వాక్యంతో రోప్‌వే కొండ దిగి బజారులోకి వచ్చింది. దానితో పాటు రావలసిన చట్టం మాత్రం కొండ మీదే ఉండిపోయింది.

నిప్పు పుట్టదన్న నమ్మకం

రోప్‌వేకు నిప్పు అంటదన్న నమ్మకం ఒకప్పుడు యూరప్‌లోనూ గట్టిగా ఉండేది. వాహనంలో ఇంజన్ లేదు, ఇంధనం లేదు, లాగే మోటారు ఎక్కడో స్టేషన్‌లో ఉంటుంది. అటువంటప్పుడు ఏం కాలుతుందన్నది ఆ తర్కం. 2000 నవంబర్ 11 ఉదయం ఆస్ట్రియాలోని కాప్రూన్‌లో ఆ తర్కం కూలిపోయింది. కిట్జ్‌స్టైన్‌హార్న్ హిమానీనదానికి సొరంగంలోంచి తాడుతో లాగే రైలు అది. డ్రైవర్ గదిలో బిగించిన ఇంటి వాడకపు ఫ్యాన్ హీటరు వేడెక్కింది. పక్కనుంచి పోయే హైడ్రాలిక్ గొట్టాల నుంచి కారిన నూనె అంటుకుంది. రైలు సొరంగంలో ఆగిపోయింది. మంటలు ఆర్పే పరికరాలు ప్రయాణికులకు అందని చోట ఉన్నాయి, తలుపులు తెరుచుకోలేదు. వాలుగా ఉన్న సొరంగం పొగగొట్టమైంది. సహజంగా పైకి పరుగెత్తినవారిని పొగ తరుముకుంటూ పోయి చంపింది. మంటను దాటి కిందికి దిగిన 12 మంది బతికారు. మరణించినవారు 155 మంది. వారిలో ముగ్గురు అసలు రైల్లో లేరు, ఎగువ స్టేషన్‌లో ఉండి పొగకు బలయ్యారు. 2004 ఫిబ్రవరిలో న్యాయస్థానం నిందితులు 16 మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఆ రైలు మళ్లీ నడవలేదు, దాని స్థానంలో గాలిలో నడిచే రోప్‌వే వచ్చింది. కాప్రూన్ నేర్పిన పాఠం మాత్రం సొరంగాలకే పరిమితం కాలేదు. తాడుతో నడిచే రవాణా వ్యవస్థలన్నిటినీ నిప్పు దృష్టితో మళ్లీ చూడాలని యూరప్ గ్రహించింది. అంతకు ఎనిమిది నెలల ముందే, 2000 మార్చిలో, రోప్‌వేల మీద యూరోపియన్ యూనియన్ ఉమ్మడి ఆదేశం వచ్చి ఉంది. దాని నీడలో అగ్ని నివారణ మీద సాంకేతిక పత్రాలు తయారయ్యాయి. 2016లో కొత్త నిబంధన ఆ ఆదేశం స్థానంలోకి వచ్చింది. 2018లో ఈఎన్ 17064 అన్న ప్రమాణం ప్రత్యేకంగా రోప్‌వేలలో అగ్ని నివారణ, అగ్నిమాపకం కోసమే వెలువడింది. ఒక ఘోరానికీ ఒక ప్రమాణానికీ మధ్య పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ పద్దెనిమిదేళ్ల ఆలోచన ఇప్పుడు అరువు తెచ్చుకునేవారికి సిద్ధంగా ఉంది.

అదే కాలంలో రోప్‌వే నగరంలో స్థిరపడింది. కొలంబియాలోని మెడెయిన్ 2004లో కొండవాలు మురికివాడల మీదుగా మెట్రో కేబుల్ నడిపింది. బొలీవియాలోని లా పాస్ 2014లో మొదలుపెట్టి పది మార్గాల జాలం అల్లింది. ఫ్రాన్స్ 2015 నవంబర్‌లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, నగర రోప్‌వేలు ప్రైవేటు ఆస్తుల మీదుగా వెళ్లే హక్కును, ఆ హక్కుకు కట్టుబడి కింది ఆస్తుల మీద పడే పరిమితులను చట్టంలో రాసుకుంది. ఆ తర్వాతే బ్రెస్ట్‌లో 2016లో, తులూజ్‌లో 2022లో రోప్‌వేలు నడిచాయి. ముందు తాడు కింది నేలతో ఒప్పందం, తర్వాతే తాడు. ఈ క్రమం గమనించదగినది.

ఆపాలా, నడపాలా

తాడుకు కింది మంట ఏం చేస్తుంది? రోప్‌వే తాడు సన్నని ఉక్కు తీగలను పేని చేసినది. భవనాల్లో వాడే ఉక్కు సుమారు 550 నుంచి 600 డిగ్రీల వేడిలో బలంలో సగం కోల్పోతుంది. చల్లగా సాగదీసి గట్టిపరిచిన తీగలు అంతకన్నా ముందే, 400 డిగ్రీల పరిసరాల్లోనే, ఆ స్థితికి చేరుతాయి. చాలా తాళ్ల నడుమ ప్లాస్టిక్ జాతి గుంజు ఉంటుంది. పాలీప్రొపైలిన్ 170 డిగ్రీలు దాటకముందే కరుగుతుంది. గుంజు కరిగితే పైకి తాడు నిలిచి ఉన్నట్టే కనిపించినా లోపలి అమరిక చెదిరిపోతుంది.

ఇక్కడే రోప్‌వేకూ ఇతర వాహనాలకూ ఉన్న తేడా తెలుస్తుంది. బస్సులో మంట లేస్తే ఆపి దిగాలి. లిఫ్టును ఆపి మెట్లు పట్టాలి. రోప్‌వేను ఆపితే మనుషులు గాలిలో నిలిచిపోతారు, దిగడానికి నేల లేదు. అంతకన్నా ముఖ్యంగా, తాడు కదులుతూ ఉంటే దాని ఏ ఒక్క ముక్కా మంట మీద ఎక్కువసేపు ఉండదు. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో పోయే తాడు పది మీటర్ల వెడల్పు మంటను రెండు సెకన్లలోపే దాటిపోతుంది. అదే తాడు ఆగితే, మంట పైన ఉన్న ఒకే ముక్క నిమిషాల తరబడి కాలుతుంది. కాబట్టి చాలా సందర్భాల్లో సరైన నిర్ణయం ఆపడం కాదు, కొత్త ప్రయాణికులను ఎక్కించుకోవడం ఆపి, గాలిలో ఉన్నవారందరూ స్టేషన్లు చేరేదాకా నడపడం. వారణాసి లాంటి మార్గం ఖాళీ కావడానికి ఒక పూర్తి ప్రయాణ కాలం, అంటే పదిహేను, పదహారు నిమిషాలు చాలు.

అయితే ఇది అన్ని వేళలా చెల్లే సూత్రం కాదు. నడుపుతూ పోతే నిండు కేబిన్లు పొగలోంచి వెళ్లవచ్చు. గాజు గదిలో చేరిన పొగ బయటికి పోదు. మంట స్టేషన్ భవనంలోనే ఉంటే, అందరినీ అక్కడికే చేర్చడం కాప్రూన్ ఎగువ స్టేషన్ కథను మళ్లీ రాయడమే. అప్పుడు దిశ మార్చి వెనక్కి నడపాలి. తాడు అప్పటికే దెబ్బతిన్నదనుకుంటే నడపడమే ప్రాణాంతకం. ఏది ఎప్పుడు చేయాలన్నది మంట లేచాక ఆలోచించే విషయం కాదు. ఏ రెండు స్తంభాల మధ్య, ఏ ఎత్తులో, కింద ఏమున్న చోట మంట లేస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుని, నియంత్రణ గదిలోని ఉద్యోగి చేత సాధన చేయించాల్సిన విషయం.

మన నగరాల్లో దీనికి మరో చిక్కు ఉంది. ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా మొదట చేసే పని ఆ ప్రాంతానికి కరెంటు తీసేయడం. నీళ్లు కొట్టే అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు అది తప్పనిసరి. రోప్‌వే మోటారుకు కూడా అదే ఫీడరు నుంచి కరెంటు వస్తుంటే, ఆర్పడానికి వచ్చినవారే తెలియకుండా తాడును మంట మీద ఆపేస్తారు. విడి విద్యుత్ సరఫరా, దానికి తోడు డీజిల్ మోటారు ఎందుకు అవసరమో ఈ ఒక్క సంగతి చెబుతుంది. అగ్నిమాపక కేంద్రానికీ రోప్‌వే నియంత్రణ గదికీ మధ్య నేరుగా ఒక ఫోను ఎందుకు ఉండాలో కూడా ఇదే చెబుతుంది.

గంటల లెక్క, నిమిషాల లెక్క

రోప్‌వే ఆగితే మనుషులను దించడంలో ఈ ఉపఖండం అనుభవం ఏమిటి? 1992 అక్టోబర్‌లో పర్వానూలో తాడు తెగి కేబిన్ లోయ మీద చిక్కుకుంటే సైన్యం, వైమానిక దళం హెలికాప్టర్లతో దిగి పర్యాటకులను కాపాడాయి. అది సాహసగాథగా నిలిచింది. 2022 ఏప్రిల్ 10న శ్రీరామనవమి నాడు దేవ్‌ఘర్ త్రికూట పర్వతం మీద రోప్‌వే మొరాయించినప్పుడు రక్షణకు నలభై గంటలకు పైగా పట్టింది. మరణించిన ముగ్గురిలో ఇద్దరు రక్షించే ప్రయత్నంలోనే జారిపడ్డారు. 2023 ఆగస్టు 22న పాకిస్తాన్‌లోని బట్టగ్రాంలో బడికి పోయే పిల్లలతో సహా ఎనిమిది మంది తెగిన తాడుకు వేలాడారు. హెలికాప్టర్ ఒకరిని తీసుకురాగలిగింది. చీకటి పడ్డాక మిగిలినవారిని తాడు మీద పాక్కుంటూ వెళ్లి తెచ్చింది స్థానికులైన జిప్‌లైన్ పనివారు. తుర్కియేలోని అంటాల్యాలో 2024 ఏప్రిల్‌లో 174 మందిని దించడానికి, అధునాతన సాధనాలున్నా, 23 గంటలు పట్టింది.

ఈ ఘటనలన్నిటిలోనూ మనుషుల ధైర్యం గొప్పది. కానీ వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అదృష్టం ఒకటుంది. వేచి ఉండడానికి సమయం ఉంది. ఆకలి, దాహం, చలి, భయం గంటలు ఇస్తాయి. నిప్పు ఇచ్చేది నిమిషాలు. పొగ కమ్మిన ఇరుకు వీధి మీద హెలికాప్టర్ నిలవదు, దాని రెక్కల గాలి మంటను ఇంకా ఎగదోస్తుంది. పెద్ద నిచ్చెనల వాహనం ఆ సందులోకి తిరగదు. కాబట్టి నగర రోప్‌వేలో నిప్పుకు రక్షణ చర్య అన్నది దాదాపు లేదనే అనుకుని, నివారణ మీదే వ్యవస్థను కట్టాలి. దేవ్‌ఘర్ తర్వాత కేంద్ర హోంశాఖ ప్రతి రోప్‌వేకూ భద్రతా తనిఖీ చేయించాలని, కార్యాచరణ నియమావళి ఉండాలని రాష్ట్రాలకు రాసింది. అది అవసరమైన లేఖే. కానీ తాడును చూసుకోమనడానికీ తాడు కింది నేలను చూసుకోమనడానికీ తేడా ఉంది.

ఎటువంటి నేల అది

దక్షిణాసియా పాత నగరాల నేల ఎటువంటిదో ఇటీవలి చరిత్రే చెబుతుంది. ఢాకాలోని నిమ్‌తోలిలో 2010 జూన్ 3న రసాయనాల నిల్వకు మంటలు అంటుకుని 120 మందికి పైగా చనిపోయారు. గోదాములను నివాసాల మధ్య నుంచి తరలిస్తామని ప్రభుత్వం చెప్పింది. 2019 ఫిబ్రవరి 20న అదే పాత ఢాకాలో, చౌక్‌బజార్‌లో, అదే కారణంతో సుమారు 70 మంది చనిపోయారు. హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబర్ 13న కింది అంతస్తులో ఉంచిన రసాయనాల డ్రమ్ముల మంట పై అంతస్తుల్లోని తొమ్మిది మందిని బలి తీసుకుంది. చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న ఒక పాత ఇంటి అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. బయటపడడానికి ఉన్నది ఒకే ఇరుకు దారి.

ఈ ఘటనల్లో ఒక్కటీ రోప్‌వే కింద జరగలేదు. కానీ రోప్‌వేలు కావాలంటున్నది ఇటువంటి ప్రాంతాలకే. వీధి ఇరుకు కాబట్టే తాడు కావాలి. వీధి ఇరుకు కాబట్టే ఫైరింజన్ రాలేదు. రవాణాకు చోటు లేకపోవడమూ నిప్పును ఆర్పడానికి చోటు లేకపోవడమూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. గోల్కొండ కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దాకా రోప్‌వే ప్రతిపాదన హైదరాబాద్‌లోనూ వినిపించింది కనుక తెలుగు పాఠకులకు ఇది దూరపు ఊరి విషయం కాదు.

నిప్పు కేబిన్‌లోకి పైనుంచి కాదు, ప్రయాణికుడి సంచిలోంచీ రావచ్చు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల బోగీలో, నిబంధనలకు విరుద్ధంగా వెంట తెచ్చుకున్న వంటగ్యాస్ సిలిండర్ వల్ల తొమ్మిది మంది కాలిపోయారు. అది లక్నో నుంచి వచ్చిన యాత్ర. రైల్వే చట్టంలో నిషేధం దశాబ్దాలుగా ఉంది, నిషేధాన్ని అమలు చేసే చెయ్యి ఆ బోగీ దాకా చేరలేదు. పుణ్యక్షేత్రంలో నడిచే రోప్‌వే స్టేషన్‌లో సామాను తనిఖీ లాంఛనమైతే, అక్కడా జరిగేది ఇదే. ఒక మొబైల్ బ్యాటరీ అంటుకున్నా, పదిమంది కూర్చున్న మూసిన గదిలో దాని పొగ చాలు.

నాలుగు తాళంచెవులు

ఇప్పుడు అధికారం ఎవరిదో చూడాలి. రోప్‌వేను కట్టించేది జాతీయ రహదారుల అనుబంధ సంస్థ. దానికి అనుమతి, తనిఖీ రాష్ట్ర చట్టం ప్రకారం. కింది దుకాణానికి వ్యాపార అనుమతి ఇచ్చేది నగరపాలక సంస్థ. పెట్రోలు బంకుకు, టపాసుల గోదాముకు, గ్యాస్ నిల్వకు లైసెన్సు ఇచ్చేది కేంద్ర పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. భవనానికి నిరభ్యంతర పత్రం ఇచ్చేది రాష్ట్ర అగ్నిమాపక శాఖ. అగ్నిమాపక సేవలను 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో పురపాలక విధుల్లో చేర్చింది. చాలా రాష్ట్రాల్లో అవి ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వ శాఖగానే నడుస్తున్నాయి. 2019లో కేంద్ర హోంశాఖ ఒక నమూనా అగ్నిమాపక బిల్లును రాష్ట్రాలకు పంపింది. నమూనా బిల్లు పాటించవలసిన చట్టం కాదు. ఒకే తలుపుకు నాలుగు తాళాలు, తాళంచెవులు నాలుగు చేతుల్లో. రేపు తాడు కింద ఎవరైనా కొత్తగా ఒక సిలిండర్ల నిల్వ పెడితే, ఆ సంగతి రోప్‌వే నియంత్రణ గదికి తెలియాలన్న నియమం ఈ నాలుగింటిలో ఎవరి పుస్తకంలోనూ కనిపించదు.

ఇది తీరని చిక్కేమీ కాదు, మెట్రో రైలు విషయంలో భారతదేశం దీన్ని తీర్చుకుంది. కలకత్తా మెట్రో కోసం చేసిన 1978 నాటి మెట్రో రైల్వేల నిర్మాణ చట్టం, మార్గం పొడుగునా భవన నిర్మాణాలను, తవ్వకాలను నియంత్రించే అధికారాన్ని కల్పించింది. తాము కట్టేదే కాక, తమ పక్కన ఇతరులు కట్టేది కూడా భద్రతలో భాగమేనన్న గుర్తింపు అది. 2002 చట్టం మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి లేనిదే ప్రయాణికులను ఎక్కించకూడదన్నది. రైల్వే భద్రతా కమిషన్‌ను రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉంచడం మరింత దూరదృష్టి. కట్టించినవారే భద్రంగా ఉందని చెప్పుకోకూడదన్నది అందులోని సూత్రం. రోప్‌వేలకు ఇటువంటి స్వతంత్ర జాతీయ కమిషనర్ లేరు. పట్టాల మీద నడిచే పెట్టెకు ఒక న్యాయం, తాడు మీద నడిచే పెట్టెకు మరో న్యాయం ఎందుకో ఏ విధాన పత్రమూ చెప్పలేదు.

చేయవలసిన పనులు ఖగోళ రహస్యాలు కావు. మార్గానికి ఇరువైపులా అగ్ని పటం గీయాలి. ఏ స్తంభాల నడుమ ఏ ఇల్లు, ఏ గోదాము, ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో, అది కాలితే వేడి తాడును చేరుతుందో లేదో ముందే లెక్కకట్టాలి. చేరుతుందనుకున్న చోట తాడు ఎత్తు పెంచాలి, లేదా కింది వాడకాన్ని మార్చాలి. మార్చవలసి వచ్చిన చిన్న వ్యాపారికి పరిహారం ప్రాజెక్టు ఖర్చులోనే ఉండాలి. పరిహారం లేని నిషేధం కాగితం మీదే ఉంటుందని ఢాకా రెండు సార్లు నిరూపించింది. ఆ పటం ఏడాదికోసారి మారాలి, ఎందుకంటే బజారు ప్రతి ఏడాదీ మారుతుంది. స్టేషన్‌లో మోటారు గదికీ ప్రయాణికులు దిగే చోటుకూ మధ్య నిప్పును ఆపే గోడ ఉండాలి. అగ్నిమాపక శాఖ అధికారి ప్రారంభోత్సవానికి ముందు సంతకం పెట్టేవాడిగానే కాక, మార్గం గీసేటప్పుడే బల్ల దగ్గర కూర్చోవాలి.

1922లో రోప్‌వే చట్టం రాసినవారు కొండను చూసి రాశారు. కొండ కాలదు, బేరమాడదు, రాత్రికి రాత్రి రూపు మార్చుకోదు. బజారు ఇవన్నీ చేస్తుంది. కాప్రూన్ ఇంజినీర్లు తమ వాహనంలో కాలేదేమీ లేదనుకున్నారు, అది వారు చూడని చోట నుంచి కాలింది. భారత నగరాల రోప్‌వే నిర్మాతలకు ఆ సాకు లేదు. కాలేదేమిటో వారికి తెలుసు. శంకుస్థాపన రాయి మీద నిలబడి కిందికి చూస్తే కనిపిస్తుంది.